కళ్ళజోడు కోసం లూగోకి

బస్సు డ్రైవర్లు సమ్మె కట్టారు.
ఇవాళ వెళ్ళకపోతే నా కళ్ళజోడు
ఇంకెవరికో ఇచ్చేస్తారని పిచ్చి భయం.
నా చూపు ఇంకొకరికి సరిపోతుందా ఏమిటి!
అయినా బయల్దేరాను,
మరేలాని హెర్మిందా దొడ్లో కట్టేసి,
సంచిలో రొట్టె, రెండు ఉడికిన గుడ్లు, కొట్టు చీటీ.

మా గేటు ముందు నుంచే పోతుంది ఆ దారి.
వెయ్యేళ్ళుగా పోతోందట.
కుక్క మొరిగి, చేతులు తుడుచుకుని నేను బయటికొచ్చేసరికి
యాత్రికులు దాటేసి ఉండేవాళ్ళు.
నలభై ఏళ్ళు వీపుల్నే చూశాను,
వీపుల మీది సంచుల్ని, సంచులకి వేలాడే ఆల్చిప్పల్ని,
ఆరీ ఆరని మేజోళ్ళని.
ఆగి నీళ్ళడిగినవాళ్ళ మొహాలు కూడా
సీసా ఎత్తగానే ఆకాశం వైపు తిరిగిపోయేవి.
ఇంకెంత దూరమంటే "పదిహేను కిలోమీటర్లు" అనేదాన్ని.
బస్సు టిక్కెట్టు మీద అచ్చేసి ఉండేది.

అడవిలోకి అడుగుపెడితే అంతా ఒకటే పచ్చ.
ఏది ఓకో, ఏది చెస్ట్‌నటో
ముక్కే చెప్పాలి:
చెస్ట్‌నట్ పూత జూన్‌లో
పులిసిన పిండి వాసనేస్తుంది.
పసుపుపచ్చగా కనబడిందల్లా దారి చూపే బాణమనుకున్నాను.
ఒకటి పువ్వు.
ఒకటి ఎవరో పారేసిన బిస్కెట్ కాగితం.
మూడోది నిజంగానే బాణం,
దాన్ని నమ్మకుండా దాటిపోయి
బురదలో మడమ దాకా దిగాను.

బెనెడెక్ అనే కుర్రాడు చెయ్యిచ్చి లాగాడు.
ఎక్కడ మొదలుపెట్టారు అని అడిగాడు.
"ఇంటి దగ్గర."
గుండె మీద చెయ్యి పెట్టుకుని
పాతకాలం వాళ్ళు అలాగే నడిచేవారన్నాడు,
గొంతు పూడుకుపోయి.
కళ్ళజోడు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.
ఒక గుడ్డు ఇచ్చాను.

ఎక్కుడు దారి చివర
కళ్ళకన్నా ముందు మోకాళ్ళకి తెలిసింది గోడ వచ్చిందని.
బస్సు దిగితే ఎదురుగానే ఉండేది,
ఏనాడూ తలెత్తి చూడలేదు.
ఇవాళ ఊరి చుట్టూ
మబ్బొకటి దిగి కూర్చున్నట్టుంది.

కొట్టు మూసేశారు. నాలుగున్నరకి గానీ తియ్యరు.
గోడెక్కి కూర్చుని రెండో గుడ్డు తిన్నాను.
గోడ మీద జనం పరుగులు తీస్తున్నారు
ఎక్కడికీ పోకుండా, గుండ్రంగా.

"దోన్య ఒబ్దూలియా! బస్సుల్లేవు కదా, ఎలా వచ్చారు?"
లెయాంద్రో చెవుల వెనక జోడు సర్దుతున్నాడు.
"నడిచి."
నా రబ్బరు బూట్ల వైపు చూసి
ఇరవై యూరోలు తగ్గించాడు.
పుణ్యమూ పురుషార్థమూ అంటే ఇదే కాబోలు.

బయటికొస్తే
గోడ విడివిడిగా ఉంది.
పలక మీద పలక, సందుల్లో ఫెర్న్ మొక్కలు,
ఒక పలక అంచున నత్త, ఏ తొందరా లేకుండా.
అరే, మా పందుల కొట్టానికీ ఇదే రాయి.
ఒక తల్లి బిడ్డల్లో
ఒకత్తె పట్నం చేరింది,
ఒకత్తె మా పందుల్ని కాస్తోంది.

తిరుగుదారిలో ఒక్క బాణమూ నా వైపు లేదు.
వచ్చేవాళ్ళకే గుర్తులు పెట్టారు,
ఇంటికి పోయేవాళ్ళు ఎలాగో పోతారని.
ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఆగి, చెయ్యి చాపి,
"అమ్మా, అటు కాదు."
"తెలుసు నాయనా."

అలా చూశాను మొహాలు.
ముక్కు కమిలిన ముసలాయన.
పోట్లాడుకుని పదడుగుల ఎడంగా నడుస్తున్న జంట.
ఏడుస్తూ, ఏడుస్తూనే ఆపిల్ కొరుకుతున్న పిల్ల.
ఎంతమంది ఇలా నా గేటు దాటి వెళ్ళారో
వీపు మాత్రం నాకు వదిలి.

పది కావస్తుంటే వెలుగు సన్నగిల్లింది.
వాగు అవతల మరేలా పాలు పిండమని అరుస్తోంది.
జోడు తీసి డబ్బాలో పెట్టాను.
మిగిలిన దారికి ఎందుకు,
అరిగిపోతుంది.